నొప్పికి ఈ-సిగరెట్టు మందా?



నాకు 12 ఏళ్లుగా నడుము నొప్పి. విదేశం నుంచి వచ్చిన మా అన్నగారి అబ్బాయి, "ఈ-సిగరెట్టు పీల్చండి బాబాయ్, మనసు తేలికపడుతుంది" అన్నాడు. అభిమానంతో అన్న మాట గనుక ఆలోచించాను.

నిప్పు లేదు, నిజమే. కాని మన లంక పొగాకు చుట్టలోని నికోటినే సాధారణంగా అందులోనూ ఉంటుంది. పీల్చగానే హాయి, ప్రభావం దిగగానే చిరాకు. ఆ చిరాకు తీరడమే ఊరట అనిపిస్తుంది. బ్రిటన్‌లో సిగరెట్టు మానేందుకు దాన్ని సూచిస్తారు. పొగ తాగని నాకు ఆ లాభమూ లేదు. పైగా 2019లో మన దేశం దాని అమ్మకాన్ని, దిగుమతిని నిషేధించింది.

వద్దన్నాను. వేడి కాపడం, వేకువనే వీధులు శుభ్రం చేసే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలను పలకరిస్తూ నడక నాకు చాలు. నొప్పిని డాక్టరు దగ్గరా, ఇంట్లోనూ దాచకండి. సెలవు.