మన చిట్టా మన చేతిలో ఉండగానే

 



మన జనగామ మార్కెట్‌లో పత్తి, ధాన్యం అమ్మేవారికి, అడ్తి దుకాణాల్లో కూర్చునేవారికి చిట్టా, ఆవర్జా అనే మాటలు కొత్తవి కావు. ఏనాటి లావాదేవీ ఆనాడే వరుసగా ఎక్కేది చిట్టా. అందులో నుండి ఎవరి పద్దు వారి పేరు కింద చేరేది ఆవర్జా. జమ, ఖర్చు, వసూలు, బాకీ అనే మాటలు అరబీ, ఫార్సీల నుండి వచ్చి తెలుగు రైతు నోట ఎంతగా ఇమిడిపోయాయంటే, అవి ఎక్కడివో ఇప్పుడెవరూ అడగరు. అరబీలో బాఖీ అంటే మిగిలి ఉండేది అని అర్థం. తీర్చనిది మన మీద మిగిలి ఉంటుంది. చేసిన మంచి కూడా మన కోసం మిగిలి ఉంటుంది.

రేపటి కోసం తానేమి ముందుగా పంపుకున్నదో ప్రతి ఆత్మా చూసుకోవాలని హష్ర్ సూరా 18వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ఆ రేపు అంటే ప్రళయదినం. ఆనాడు మన లెక్క తీసుకోబడక ముందే మన లెక్క మనమే తీసుకోవాలని హజ్రత్ ఉమర్ (ర) ప్రజలకు ఉపదేశించేవారు. దీనినే మన ధార్మిక పండితులు ముహాసబా అన్నారు. బస్రాలో పుట్టి హిజ్రీ 243లో మరణించిన హారిస్ అనే మహనీయునికి ఈ గుణం వల్లనే ముహాసిబీ అనే పేరు స్థిరపడింది.

ఇది మనసులో చేసుకుంటే చాలదా, కాగితం ఎందుకని కొందరు అడుగుతారు. కిరాణా దుకాణంలో ఉద్దెర ఇచ్చేవాడు మనసులో పెట్టుకుంటాడా? మనసు తనకు అనుకూలమైన సాక్షి. పోయిన నెలలో ఫజ్ర్ నమాజు ఎన్ని రోజులు జమాఅతుతో చేశారని అడిగితే, దాదాపు రోజూ అంటాము. వ్రాసి చూస్తే ఆ ‘దాదాపు’ ఎంతో తేలుతుంది. ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా సూరా 282వది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. గడువు పెట్టి చేసే అప్పును వ్రాసుకోమని, చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందవద్దని చెప్పే ఆయతు అది.

వ్రాత విలువ ఈ ప్రాంతంవారికి వేరొకరు చెప్పనక్కరలేదు. దేశ్‌ముఖుల కాలంలో చదువురాని మనిషి అప్పు దొర ఇంట్లో వ్రాయబడేది. ఎంత తీర్చాడో, ఎంత మిగిలిందో అతనికి తెలియదు. అతని బిడ్డలు కూడా ఆ వ్రాత కింద వెట్టి చేసేవారు. ఇదే జనగామ తాలూకాలో, కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విస్నూరు దేశ్‌ముఖును ఎదిరించి తన భూమి కోసం న్యాయస్థానంలో పోరాడి గెలిచాడు. ఆ గెలుపుకు ప్రాణమే మూల్యంగా చెల్లించాడు. కాగితం పేదవానికి ఎంత బలమో, కలం పరుల చేతిలో ఉంటే ఎంత ప్రమాదమో ఆ తరం చూసింది. పరలోకంలో మన గ్రంథాన్ని దైవదూతలు వ్రాసి ఉంచుతారు. అందులో అన్యాయం ఉండదు, నిజమే. కానీ దిద్దుకునే అవకాశం కూడా ఉండదు. ఇక్కడ మాత్రం కలం ఇంకా మన చేతిలోనే ఉంది.

ఈ మధ్య యువకులు నెలకొక పేజీ గీసుకుని, అడ్డంగా తేదీలు, నిలువుగా అలవాట్లు వేసుకుని గడులు నింపుతున్నారు. ఇది పాశ్చాత్యుల పద్ధతి కాదా మౌలానా అని ఒకరు సందేహించారు. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సుగుణాలు ఎంచుకుని, ఒక చిన్న పుస్తకంలో ఏ రోజు ఏది తప్పాడో చుక్కలు పెట్టుకున్న మాట వాస్తవమే. ఆ మచ్చలు గీకి గీకి పుస్తకమంతా చిల్లులు పడిందని తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. అయితే అతనికి ఆరు శతాబ్దాలకు ముందే, హిజ్రీ 505లో మరణించిన ఇమామ్ గజాలీ తన ఇహ్యా ఉలూముద్దీన్‌లో సాధకుని వద్ద ఒక జరీదా, అంటే పట్టిక, ఉండాలన్నారు. మనిషిని నాశనం చేసే గుణాలు పది, రక్షించే గుణాలు పది అందులో ఉండాలి. ప్రతిరోజూ తనను ఆ పట్టికతో సరిచూసుకోవాలి. ఒక దుర్గుణం నుండి బయటపడితే దానిపై గీత గీసి తక్కినవాటి వైపు వెళ్ళాలి. కాబట్టి ఈ పిల్లలు గీస్తున్న గడులు పరాయివి కావు. వారిని నిరుత్సాహపరచకండి.

కానీ రెండు విషయాలు వారికి చెప్పవలసి ఉంది. మొదటిది, పాపాన్ని అక్షరాలలో వ్రాయకూడదు. అల్లాహ్ రాత్రి కప్పిపుచ్చిన తప్పును తెల్లవారి తానే బయటపెట్టుకునేవానిని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. ఆ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. మీకు మాత్రమే తెలిసే ఒక గుర్తు చాలు, ఆ పక్కన తౌబా చేశాననే గుర్తు ఇంకొకటి. రెండవది, నింపిన పేజీని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం. ముప్పై గడులూ పచ్చగా నిండాయని పదిమందికి చూపిన నాడు అది ముహాసబా కాదు, రియా. నేను ఫోన్‌కంటే కాగితాన్నే ఇష్టపడడానికి ఇదొక కారణం. కాగితం అరలో పెడితే నిశ్శబ్దంగా ఉంటుంది.

ఇంకొక మాట. మొదటి నెలలోనే ఇరవై వరుసలు గీయకండి. కొంచెమైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమని హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన హదీసులో ఉంది. మూడు వరుసలు చాలు. నెల అంటే చంద్రమాసం పెట్టుకోండి. నెలవంక చూసే సున్నత్ కూడా మన ఇళ్ళలో సజీవమవుతుంది.

ఇక అసలైన పనికి వస్తాను. నా దృష్టిలో ఈ పుస్తకంలో అలవాట్లకంటే ముందు ఎక్కవలసినవి బాకీలు.

ఖజా నమాజుల సంగతి చూడండి. పదిహేనవ ఏట నుండి ఇరవై ఐదు వరకు నమాజు విడిచినవాడు హనఫీ ఫిఖహ్ ప్రకారం అవన్నీ తీర్చాలి. రోజుకు అయిదు ఫర్జులు, ఒక విత్ర్, మొత్తం ఆరు. చంద్రమాన సంవత్సరంలో 354 రోజులు, అంటే సంవత్సరానికి 2,124 నమాజులు. ఈ సంఖ్య విని చాలామంది భయపడి అసలు మొదలే పెట్టరు. ప్రతి ఫర్జుతోపాటు ఒక ఖజా చేస్తే రోజుకు ఒక రోజు తీరుతుంది, పదేళ్ళ బాకీ పదేళ్ళలో ముగుస్తుంది. లెక్క వ్రాసినవాడు ఎంత మిగిలిందో తెలిసి నడుస్తాడు. మధ్యలో మరణం వస్తే వారసులకు మిగిలిన సంఖ్య తెలుస్తుంది, వసీయతు ప్రకారం ఫిద్యా ఇవ్వగలుగుతారు. తల్లులారా, రమజానులో తప్పిన రోజాలను పండుగ నాడే వ్రాసి పెట్టుకోండి. తన మీద మిగిలిన రోజాలను షాబాన్‌లో తీర్చేదానినని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారంటే, ఆమె లెక్క ఆమె వద్ద ఉన్నదనే కదా అర్థం.

జకాత్ విషయంలో మన వ్యాపారులు మార్చి నెలాఖరు లెక్కలతోనే జకాత్ తీస్తున్నారు. చంద్రమాన సంవత్సరం సుమారు పదకొండు రోజులు తక్కువ. ఆ లెక్కన 33 ఇంగ్లీషు సంవత్సరాలలో 34 చంద్రమాన సంవత్సరాలు గడుస్తాయి. ఒక పూర్తి సంవత్సరపు జకాత్, అది పేదల హక్కు, మన వద్దే నిలిచిపోతుంది. మీరు నిసాబుకు యజమాని అయిన హిజ్రీ తేదీని పుస్తకం మొదటి పేజీలో వ్రాయండి. గుర్తు లేకపోతే బాగా ఆలోచించి ఒక తేదీ నిర్ణయించుకుని ఇకపై దానినే పాటించండి.

చివరగా మనుషుల బాకీ. జనాజా నమాజుకు ముందు, మరణించినవారి నుండి ఎవరికైనా రావలసినది ఉంటే చెప్పండని మేము ప్రకటిస్తాము. అప్పుడు కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరైనా ముందుకు వచ్చి ఇంత రావాలి అంటే నమ్మాలో, వద్దో వారికి తెలియదు. నిజంగా ఇచ్చినవాడు మొహమాటపడి మౌనంగా వెళ్ళిపోతాడు. అప్పు మిగిల్చి పోయిన ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించకుండా దైవప్రవక్త (స) ఆగిపోయారు. అబూ ఖతాదా (ర) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతే నమాజు చేయించారు. వసీయతు చేయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం అది వ్రాసి దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదనే హదీసు బుఖారీలో ఉంది.

ఈ రాత్రి ఇషా తరువాత ఒక పేజీ తీయండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి అమానతు మన వద్ద ఉంది, చిట్టీ ఎన్ని నెలలు మిగిలింది, భార్యకు మహర్ చెల్లించామా, లేదా. ఒక్కొక్కటి పేరు, మొత్తం, తేదీలతో వ్రాయండి. దీనిని గుర్తులతో కాదు, స్పష్టమైన అక్షరాలతో వ్రాయాలి. తెలుగులోనో, ఉర్దూలోనో, మీ పిల్లలు చదవగలిగే లిపిలోనే వ్రాయండి. ఆ పుస్తకం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఖుత్బా అజానుకు ఇంకా కొద్ది నిమిషాలున్నాయి. సున్నత్ నమాజు చేయనివారు చేసుకోగలరు.