సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు

(మాడుగులలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత హెడ్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు డి.ఏ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్టు గురించి చక్కగా వివరించారు. నాకు ఆ విషయాలలో ప్రవేశం తక్కువ. 1971లో హెల్పరుగా చేరి 2007లో హెడ్ మెకానిక్‌గా దిగిపోయిన మనిషిని. సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. చెబుతాను గాని, అది నాకు మంచి పేరు తెచ్చే సంగతి కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఇక్కడి పిల్లలకోసం ఒక మాట. మాడుగులలు రెండున్నాయి. మనది వడ్డాది మాడుగుల, కొండమీది ఏజెన్సీలో ఉన్నది గంగరాజు మాడుగుల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక మనం అనకాపల్లి జిల్లాలోకి, వాళ్ళు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాం. అంతకుముందు అందరమూ విశాఖపట్నం జిల్లాయే. మా షెడ్డుకి రావలసిన సామాను పార్సెలు ఒకసారి కొండెక్కిపోయి వారం తరువాత దిగివచ్చింది. హల్వా పార్సెలు అయితే దిగివచ్చేది కాదనుకోండి!

మా లారీల పని ఈ కొండ ఎక్కడమే. ఏజెన్సీకి బియ్యం ఎక్కించుకుని గరికబంద దాటి, మలుపులన్నీ ఎక్కి, మినుములూరు మీదుగా పాడేరు చేరాలి. బండ్లు ఎక్కువగా పాత బెంజిలు. టెల్కో వారు 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ వారితో కలిసి లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ పొత్తు ముగిసినా, మనవాళ్ళ నోట టాటా లారీ చాలాకాలం బెంజి లారీగానే ఉండిపోయింది.

ఇక విషయానికి వస్తాను. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, కాని అందుకోదు. అసలు సెల్ఫే తిరగకపోతే బ్యాటరీ, టెర్మినళ్ళు, సెల్ఫ్ మోటారు చూస్తాం, అది వేరే కథ. తిరుగుతూ అందుకోకపోవడమే మనిషి ఓపికను పరీక్షించేది. డీజిల్ ఇంజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి పీల్చిన గాలిని పిస్టను గట్టిగా నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిలుని పొగమంచులా చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి చూడవలసినవి రెండే: డీజిలు అందుతోందా, అందినది అంటుకుంటోందా?

ఈ ప్రశ్నకి జవాబు సైలెన్సరు చెబుతుంది. ఒకణ్ణి సెల్ఫ్ కొట్టమని, మనం బండి వెనక నిలబడాలి. పొగ ఏమాత్రం రాలేదంటే డీజిలు లోపలికి వెళ్ళడం లేదు. తెల్లపొగ వస్తోందంటే డీజిలు వెళుతోంది గాని అంటుకోవడం లేదు. చలి, బ్యాటరీ నీరసించి సెల్ఫ్ నెమ్మదిగా తిరగడం, కంప్రెషను తగ్గడం, పంపు టైమింగు తప్పడం, వీటిలో ఏదో ఒకటి. నల్లపొగ వస్తే ముందు ఎయిర్ క్లీనరు విప్పి చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా నా సర్వీసులో పదిమందిలో ఎనిమిదిమంది ముందుగా స్పానరు పట్టుకుని పంపు మీదికే వెళ్ళేవారు.

పొగ రాకపోతే ముందు స్టాప్ లివరు చూడాలి. ఇంజను ఆపడానికి లాగే ముడి పూర్తిగా వెనక్కి వెళ్ళకపోతే పంపు డీజిలు వదలదు. ఒకసారి మేము ముగ్గురం గంటన్నర కుస్తీపట్టాక తెలిసింది, క్లీనరు కుర్రాడు తన అన్నం కేరేజీ సంచిని ఆ ముడికే తగిలించాడని. ఆ తరువాత ట్యాంకులో డీజిలు ఉందో లేదో చూడాలి. గేజిని నమ్మకూడదు, పుల్లపెట్టి చూడాలి. ఆ పిమ్మట ఫిల్టరు, ఆ పిమ్మట గాలి.

గాలి పట్టిన బండికి గాలి తియ్యడం మనవాళ్ళందరికీ తెలుసు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమరు కొడుతూ ఉంటే నురగ వస్తుంది. బుడగలు పోయి నిఖార్సయిన డీజిలు వచ్చాక స్క్రూ బిగించాలి. తరువాత పంపు దగ్గరి స్క్రూ కూడా అలాగే. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిలు చిమ్మగానే బిగించాలి. ఆ చిమ్మేచోట చెయ్యి పెట్టరాదు, ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూరిపోతుంది.

గాలి తియ్యడం నాకూ వచ్చు. ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందని అడగడమే ఆనాడు నాకు రాలేదు.

1983 డిసెంబరులో ఒక ఉదయం పాడేరు బస్సు కండక్టరు చేత కబురు వచ్చింది. గరికబంద పైన మలుపులో బియ్యంలారీ రాత్రి ఆగిందట, తెల్లవారాక అందుకోవడం లేదట. ఫిట్టరుని తీసుకుని జీపులో వెళ్ళాను. బండి ముక్కు పైకి పెట్టి ఎత్తులో నిలబడి ఉంది, చక్రాలకి రాళ్ళు. డ్రైవరు నాకంటె పదేళ్ళు పెద్దవాడు. సెల్ఫ్ కొట్టికొట్టి బ్యాటరీలు దించేశాడు. క్లీనరేమో, వెనక్కి వదిలి గేరువేస్తే అందుకుంటుందని అంటున్నాడు. డ్రైవరు ఒప్పుకోలేదు. ఇంజను ఆడకపోతే బ్రేకులకి గాలి నిండదు, పక్కనేమో లోయ. ఆ మనిషి ఆ ఒక్క మాట మీద నిలబడినందుకే లారీ, బియ్యం, కుర్రాడు ముగ్గురూ మిగిలారు. ఇదంతా నాకు తరువాత తట్టింది. అప్పుడు నా కంటికి కనిపించినది రోడ్డు పక్కన ఉన్న ఖాళీ డీజిలు డబ్బా.

"ఇదేమిటి?" అన్నాను.

"పైనుంచి దిగే లారీవాడిని అడిగి పది లీటర్లు పోయించానండి, పోస్తే అందుకుంటాదేమోనని. ట్యాంకు నేను ఎండగట్టలేదు మేస్త్రీగారూ. కిందన బాగానే అందుకుంటాదండి. కొండమీద ముక్కెత్తి ఆపితేనే అందుకోదు."

నేను వినలేదు. గాలి తీశాం, జీపు బ్యాటరీతో అందించాం, బండి లేచింది. షెడ్డుకి తెచ్చి నాలుగు రోజులు ప్రతి ఉదయం స్టార్టు చేసి చూశాను, మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఇంకేముంది, ట్యాంకు ఎండగట్టడంవల్ల గాలి పట్టింది, డ్రైవరు అజాగ్రత్త అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అతని జీతంలో నెలకి 80 రూపాయల చొప్పున మూడు నెలలు రికవరీ వేశారు. 1983లో 240 రూపాయలంటే ఏమిటో ఇక్కడున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

జనవరి సంక్రాంతి వెళ్ళాక అదే బండి, వేరే డ్రైవరు, దాదాపు అదే మలుపు. ట్యాంకులో పుల్ల పెడితే సగానికి దగ్గరగా డీజిలు ఉంది. ఈసారి నోరు మూసుకుని పని చేశాను. ఒక డబ్బాలో డీజిలు పోసి ఇంజను పక్కన ఎత్తుగా కట్టి, ట్యాంకునుంచి వచ్చే పైపు ఊడదీసి, ఫీడ్ పంపుకి రబ్బరు గొట్టంతో ఆ డబ్బా తగిలించాను. గాలి తీయగానే బండి అందుకుంది, ఆగకుండా ఆడింది. అంటే పంపు, ఫిల్టరు, నాజిళ్ళు అన్నీ బాగానే ఉన్నాయి. రోగం ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య పైపులోనే.

బండి కింద పడుకుని ఆ పైపుని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను. ఛాసిస్ పక్కగా వెళ్ళేచోట పైపు ఇనుముకి రాసుకుని, వెంట్రుకంత చీలిక. తడి లేదు, మరక లేదు. ఫీడ్ పంపు దాటాక లీకు ఉంటే డీజిలు బయటికి కారుతుంది, మనకి కనిపిస్తుంది. ఫీడ్ పంపుకి ముందు లీకు ఉంటే కారదు. పంపు పీల్చినప్పుడు అది గాలిని లోపలికి పీలుస్తుంది. బండి చదునులో ఉంటే డీజిలు పైపులో నిలిచి ఉండేది. ముక్కెత్తి రాత్రంతా ఆపితే ట్యాంకు కిందికీ ఇంజను పైకీ అయిపోయి, ఆ చీలికలోంచి గాలి దూరి, పైపులోని డీజిలంతా ట్యాంకులోకి జారిపోయేది. ట్యాంకులో డీజిలు తగ్గినకొద్దీ మరీ త్వరగా. పెద్దాయన చెప్పినది అక్షరాలా అదే. నేను పరీక్ష పెట్టింది మాత్రం షెడ్డు గచ్చు మీద.

పైపు ఎందుకు రాసుకుంది? దానిని ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పు లేదు. జాబ్ కార్డులు తిరగేశాను. దసరా ముందు ట్యాంకు దించి కడిగింది మా షెడ్డులోనే. తిరిగి బిగించాక పని సరిగా ఉందని సంతకం పెట్టిన మనిషిని నేనే.

రెండో రిపోర్టు రాశాను. ఆఫీసులో, పాత రిపోర్టు మీదే రికవరీ జరిగిపోయింది, ఇప్పుడు మారిస్తే ఆడిట్ అడుగుతుందన్నారు. నా తప్పు అని రాతపూర్వకంగా ఇచ్చాను, నాకు ఒక మెమో వచ్చింది. అతని డబ్బు తిరిగి రావడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలో అతని రెండో అమ్మాయి పెళ్ళి జరిగింది. అప్పు చేశాడని విన్నాను. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పటి లారీలు వేరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బి.ఎస్.6 బండ్లలో పంపుని కంప్యూటరు నడుపుతుంది. మా అల్లుడు ఫోనంత యంత్రం తగిలించి లోపం నంబరు చదువుతాడు. మంచిదే. అయినా ఆ నంబరు చూసేముందు డ్రైవరు ఏమంటున్నాడో అడుగు నాయనా అంటాను. వాడు నవ్వుతాడు.

పైపు మార్చిన మర్నాడు పెద్దాయన షెడ్డుకి వచ్చాడు. జరిగినదంతా చెప్పాను. నా చేతులు వణికాయి గాని అతను రికవరీ మాట ఎత్తలేదు. బండి కిందికి వంగి కొత్త క్లిప్పుని వేలితో కదిపి చూశాడు. తరువాత, "మిగతా బండ్లకి క్లిప్పులున్నాయేమో చూశారా మేస్త్రీగారూ?" అని అడిగాడు.

చూడలేదు. ఆ సాయంత్రం దీపం పట్టుకుని షెడ్డులో ఉన్న తొమ్మిది బండ్ల కిందా దూరాను. రెండింటికి లేవు.