దురాక్రమణకు సమాధానం నిలకడగల సంఘీభావం
(జగదల్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బస్తరులో సమావేశమై రష్యా దురాక్రమణ గురించి, పాశ్చాత్య దేశాల కర్తవ్యం గురించి చర్చించుకోవడం ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. బైలదిలా నుండి కొత్తవలస మార్గాన మనం తరలించే ఇనుప ఖనిజం విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరుతున్నది. అది 1979లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసినది. భిలాయి కర్మాగారం అంతకు ముందే, 1955 నాటి ఒప్పందంతో వచ్చినది. ఆ సహాయాన్ని మనం మరువలేదు. అయితే సోవియట్ యూనియన్ అనగా రష్యా ఒక్కటే కాదు. ఉక్రెయిన్ బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు కూడా దాని బలమే. ఆ ఉక్రెయిన్‌లోని మరియుపోల్ నగరంలో అజోవ్‌స్తాల్ ఉక్కు కర్మాగారం 2022 ముట్టడిలో శిథిలమైనది. మన కృతజ్ఞత ఉభయులకూ చెందవలసినదే. దానిని చూపి ఒకరిపై మరొకరు చేసిన దాడిని మనం సమర్థించలేము.

2022 ఏప్రిల్ 8న క్రమతోర్స్క్ రైల్వే స్టేషనులో, సురక్షిత ప్రాంతాలకు పోవుటకు రైలు కొరకు వేచియున్న జనంపై క్షిపణి పడి సుమారు 60 మంది మరణించారు. 2023 అక్టోబరులో ఖార్కివ్ సమీపాన ఒక తపాలా సంస్థ టెర్మినల్‌పై దాడి జరిగి, విధులలో ఉన్న ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ప్లాట్‌ఫారం మీద, సార్టింగు బల్ల వద్ద పనిచేసే మనకు ఆ దృశ్యాన్ని ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు.

ఈ స్థితి ఒక్క రోజులో రాలేదు. 1994లో బుడాపెస్టులో ఉక్రెయిన్ తన భూభాగంలోని అణ్వాయుధాలను వదులుకొనుటకు అంగీకరించగా, దాని సరిహద్దులను గౌరవించెదమని రష్యా, బ్రిటన్, అమెరికా సంతకాలు చేశాయి. 2014లో రష్యా క్రిమియాను కలుపుకొన్నది. పాశ్చాత్య దేశాలు కొన్ని ఆంక్షలు విధించాయి. ఆ మరుసటి సంవత్సరమే రష్యా గ్యాసు కొరకు రెండవ సముద్రగర్భ గొట్టపు మార్గానికి ఐరోపా కంపెనీలు ఒప్పందం చేసుకొన్నాయి. మాట ఒకటి, వ్యాపారం మరొకటి అయినది. బెదిరించేవాడు ఆ తేడాను గమనించకుండునా? 2022 ఫిబ్రవరి 24న పూర్తిస్థాయి దాడి ఆరంభమైనది.

1974 మే 8న మన ముందుతరం రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు అరెస్టులు జరిగాయి, కుటుంబాలను క్వార్టర్ల నుండి వెళ్లగొట్టారు, ఉద్యోగాలు తీసివేశారు. ఇరువది దినాలకు సమ్మె విరమించవలసి వచ్చినది. 1977లో ప్రభుత్వం మారిన పిదప తొలగింపునకు గురైనవారిని తిరిగి తీసుకొన్నారు. నడుమ గడచిన ఆ కాలంలో వారి కుటుంబాలకు పనికివచ్చినది సానుభూతి తీర్మానం కాదు, తోటివారు ఇచ్చిన చందా, పంపిన బియ్యం. సమ్మెకూ యుద్ధానికీ పోలిక కొంతవరకే. అయినను బెదిరింపును ఎదుర్కొనువానికి కావలసినదేమిటో మనకు తెలుసు.

కనుక మన అభిప్రాయం ఇది. మొదటిది, పాశ్చాత్య దేశాలు వాగ్దానం చేసిన సహాయాన్ని వేళకు, విడువకుండా ఇవ్వవలెను. 2025 మార్చిలో అమెరికా సైనిక సహాయాన్ని కొద్ది దినాలు నిలిపివేసినది. అటువంటి ఊగిసలాట దురాక్రమణదారునికే ధైర్యమిచ్చును. రెండవది, ఆర్థిక ఒత్తిడి రష్యా యుద్ధ ఖజానాపై పడవలెను గాని ఐరోపా వేతన జీవులపైన, పేద దేశాలపైన పడరాదు. 2022లో పొద్దుతిరుగుడు నూనె ధర మన వంటింటికి ఆ యుద్ధాన్ని తెచ్చినది. మూడవది, కొలబద్ద ఒకటే ఉండవలెను. 2003లో ఇరాక్‌పై దాడి చేసినవారు ఆ తప్పును ఒప్పుకొననంత కాలం వారి ధర్మపన్నాలను ప్రపంచం సగమే నమ్మును. నాల్గవది, చర్చల ద్వారం మూయరాదు, అణు ప్రమాదాన్ని మరువరాదు. అయితే ఉక్రెయిన్‌ను బయట నిలిపి దాని భూమిపై ఒప్పందం చేయరాదు. యూనియన్‌ను పిలువకుండా కుదిర్చిన ఒడంబడికను మనం అంగీకరించెదమా?

నాటో విస్తరణ రష్యాకు ఆందోళన కలిగించినదని కొందరు వాదించెదరు. ఆందోళన ఉండవచ్చును. దానిని చర్చల బల్లపై పెట్టవలెను గాని, పొరుగువాని ఇంటిపై బాంబులు వేయుట దానికి మార్గం కాదు. మన దేశం కూడా 2022 తరువాత రష్యా చమురును పెద్ద ఎత్తున కొన్నది. మన అవసరం మనకున్నది. ఆ మాట దాచకుండా, వినయంతోనే ఇతరులకు సలహా చెప్పుచున్నాము.

మిత్రులారా, ఈ తీర్మానాన్ని మీ శాఖలలో చదివి చర్చించండి, విభేదించువారి మాట కూడా వినండి. ఉక్రెయిన్ రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాలకు సంఘీభావ నిధి ప్రారంభించవలెనని ప్రతిపాదిస్తున్నాము. మొత్తం చిన్నదైనా సరే, ప్రతి నెలా తప్పక వెళ్లవలెను. దేశాలను మనం కోరుతున్నది ఈ నిలకడనే గనుక, దానిని ముందుగా మనం చేసి చూపవలసియున్నది.