పంచాంగంలో లెక్కెంత? పెత్తనమెంత?



పంచాంగం అంటే అయిదు అంగాలు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. వింటే మనకందని విద్య అనిపిద్ది. కాని అందులో లెక్క వేరు, మంచిచెడ్డలు వేరు. రెంటినీ కలిపి కట్టి మన మీద పెత్తనం చేస్తున్నారు.

ముందు లెక్క చూద్దాం. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అమావాస్య నుంచి అమావాస్యకు 30 తిథులు. చంద్రుడి నడక ఒకే తీరుగా ఉండదు గనుక తిథి ఒకప్పుడు 20 గంటలు, ఒకప్పుడు 26 గంటలు సాగిద్ది. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు, సూర్యుడి ఏడాదికి 365. ఆ తేడా సర్దటానికి 32, 33 నెలలకోసారి అధికమాసం కలుపుతారు. ఇదంతా కూడికలు, తీసివేతలే. మన బడిపిల్ల కూడా నేర్చుకుంటది.

కార్తెలూ అంతే. సూర్యుడు 27 నక్షత్రాల దారిలో ఒక్కోదాని దగ్గర 13, 14 రోజులుంటే అదొక కార్తె. రోహిణి ఎండ, మృగశిర వాన మన పెద్దలకు చదువు లేకపోయినా తెలుసు. అరక పట్టిందీ, విత్తనం వేసిందీ వాళ్లే గదా!

ఇక మంచిచెడ్డలు. పగటిని ఎనిమిది భాగాలు చేసి, రోజుకొక భాగం రాహువుకిచ్చారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. నిజానికి రాహువనే గ్రహం ఆకాశంలో లేదు. సూర్యుడి దారిని చంద్రుడి దారి దాటే చోటుకు అది పేరు. గ్రహణం లెక్కకు పనికొచ్చిద్ది. దానికీ శుక్రవారం పదిన్నరకీ సంబంధమేంది?

శుక్రవారం పదిన్నరకి మన పల్నాడు మిరప చేలల్లో ఆడకూలీలను 'రాహుకాలం, గట్టున కూర్చోండి' అన్న ఆసామి ఉన్నాడా? పత్తి తీయటానికి వర్జ్యం లేదు. కొట్టం ఊడవటానికి దుర్ముహూర్తం లేదు. కూలి అడిగితే మాత్రం 'శుక్రవారం లక్ష్మిని బయటికి పంపం' అంటారు. పని చేయించుకోటానికి అన్ని రోజులూ మంచివే. డబ్బులిచ్చేటప్పుడే పంచాంగం గుర్తొచ్చిద్ది.

మనం కూడా తెల్లారుజామున మూడింటి ముహూర్తానికి అప్పు చేసి పెళ్లి చేస్తున్నాం. మంచి ఘడియ కోసం పురిటిమనిషిని ఆస్పత్రికి తీసుకుపోకుండా ఆపితే ప్రాణానికే ముప్పు.

ఆ పంచాంగమన్నా తప్పులేనిదా? ఉత్తరాయణం నిజంగా డిసెంబరు 21, 22 తేదీల్లో మొదలయిద్ది. పంచాంగం జనవరి 14, 15 అంటది. వందల ఏళ్లుగా సరిదిద్దకపోతే పేరుకున్న తేడా ఇది. 1952లో కేంద్రప్రభుత్వం కాలెండర్ సంస్కరణ కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు మేఘనాథ్ సాహా చిన్న దుకాణదారు కొడుకు, కలకత్తా హాస్టల్లో కులవివక్ష పడ్డవాడు. ఆ కమిటీ సిఫారసుతోనే 1957 మార్చి 22న జాతీయ కాలెండర్ వచ్చింది. ఇక మహాత్మా ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టి, పురోహితుడు లేని పెళ్లిళ్లు చేయించాడు.

కాబట్టి లెక్క నేర్చుకుందాం, పెత్తనం వదిలేద్దాం. చుట్టాలకు కూలి పోని రోజే పెళ్లికి ముహూర్తం పెట్టుకుందాం. చేసిన పనికి కూలి ఏ వారమైనా అదే రోజు అడిగి తీసుకుందాం. అడిగేటప్పుడు ఒక్కరే పోవద్దు, అందరూ కలిసి పోండి.

జై భీమ్!