ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే నెమ్ము

 

ఛాతీ వైద్యుణ్ని గనుక ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. కార్సినాయిడ్ అనే అరుదైన గడ్డ గురించి చెబుతాను. మన వైపు కఫంలో రక్తం పడితే మొదట తట్టేది టీబీ. చాలాసార్లు అది నిజమే, కానీ ప్రతిసారీ కాదు.

1907లో జర్మన్ వైద్యుడు ఒబెర్న్‌డార్ఫర్ పేగుల్లోని కొన్ని గడ్డలు క్యాన్సర్‌లా కనిపించినా నెమ్మదిగా పెరుగుతాయని గమనించి ఈ పేరు పెట్టారు. ఊపిరితిత్తుల గడ్డల్లో ఇవి నూటికి ఒకటి రెండు. పొగ తాగనివాళ్లకూ, ఒక్కోసారి చదువుకునే పిల్లలకూ వస్తాయి.

ఎక్స్‌రేలో గుండె పక్కన, గాలిగొట్టాలు చీలే చోట, నున్నటి అంచులతో గుండ్రని నీడ కనిపించవచ్చు. గడ్డ గొట్టం లోపలే పెరిగితే అది కనిపించకపోవచ్చు, అది చేసిన పని కనిపిస్తుంది. గొట్టం మూసుకుపోయి అవతలి భాగం ముడుచుకుపోతుంది, లేదా నెమ్ము చేస్తుంది. మందులతో తగ్గి, కొన్ని నెలలకు మళ్లీ అదే చోట వస్తుంది. సగమే మూసుకుంటే పిల్లికూతలు వస్తాయి, ఆస్తమా అనుకుంటాం. కొందరికి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. అప్పుడు సీటీ స్కాన్, గొట్టంలోకి చూసే బ్రాంకోస్కోపీ కావాలి.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి కఫంలో క్రిములు లేకున్నా రెండుసార్లు టీబీ మందులు వాడి నా దగ్గరికి వచ్చింది. ఎప్పటి నుంచి దగ్గమ్మా అంటే, "పోయిన జాతరప్పటి నుంచి సార్" అంది. అంటే రెండేళ్లు. వాళ్ల నాయన పాత ఫిల్ములన్నీ సంచిలో దాచి తెచ్చాడు. వరుసగా పెట్టి చూస్తే ప్రతిదాంట్లో కుడివైపు కింది భాగమే. ఆ ఫిల్ములే దారి చూపాయి. ఆపరేషన్ చేశారు, కోలుకుంది. వ్యాపించకముందే తీసేస్తే, సాధారణ రకం కార్సినాయిడ్‌లో పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతారు.

కాబట్టి పాత ఫిల్ములు పారేయకండి, తేదీ రాసి దాచండి. డాక్టరు చెప్పకుండా టీబీ మందులు మాత్రం మీరే ఆపకండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఏ పిల్లవాడైనా నెమ్ముతో ఏడాదిలో రెండుసార్లు బడి మానేస్తే, "రెండుసార్లూ ఒకే పక్కనా?" అని ఇంటివాళ్లను అడగండి. పల్లీగింజ, చింతగింజ గాలిగొట్టంలో ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది. అవునంటే పెద్దాసుపత్రికి పంపండి.