గడ్డను తీయుటకు ముందు



శరీరమున గడ్డ యొకటి కనబడుట వింత కాదు. చర్మము క్రిందను, కండరములలోను లేచు గడ్డలలో నూటికి తొంబదితొమ్మిది నిరపాయకరములే. కొవ్వు గడ్డలు ఏండ్ల తరబడి మనుష్యుని వెంట నుండియు కీడు చేయవు. కాని మిగిలిన ఆ యొక్క గడ్డ సార్కోమా కావచ్చును.

సార్కోమా యను మాట గ్రీకు భాషలో మాంసమను అర్థముగల పదమునుండి పుట్టినది. కండరము, కొవ్వు, నరముల తొడుగు, రక్తనాళము మొదలగు మెత్తని భాగములలో పుట్టు క్యాన్సరున కిది పేరు. పెద్దలకు వచ్చు క్యాన్సర్లలో నిది సుమారు నూటికొకటి మాత్రమే. అందులోను ఏబదికి పైగా రకములు గలవు. కావున సామాన్య వైద్యుడు తన వృత్తికాల మంతటిలో ఒకటి రెండింటిని మించి చూడకపోవచ్చును. పొరపాటునకు మూలము ఈ అరుదుదనమే.

ఆ పొరపాటు సాధారణముగా నిట్లు జరుగును. ఉద్యోగి యొకడు తొడలో గడ్డ యున్నదని వైద్యునికడకు పోవును. నొప్పి యుండదు. కొవ్వు గడ్డ యని తలచి, మత్తుసూది వేసి, అరగంటలో దానిని తీసివేయుదురు. అది పనస తొనవలె సుళువుగా నూడివచ్చును. కొన్ని దినములకు పరీక్షశాల నుండి నివేదిక వచ్చును: అది సార్కోమా, అంచులయందు కణములు మిగిలియున్నవి. క్యాన్సరు కావచ్చునను ఊహ లేక, ముందు పరీక్షలు లేక జరిగిన యిట్టి శస్త్రచికిత్సను వైద్యులు అన్‌ప్లాన్డ్ ఎక్సిషన్ అని వ్యవహరింతురు.

సుళువుగా నూడివచ్చుటయే యిందలి మోసము. సార్కోమా పెరుగుచు చుట్టునున్న మాంసమును నొక్కగా నొక పొర యేర్పడును. అది తిత్తివలె కనబడునుగాని నిజమైన తిత్తి కాదు. ఆ పొరలోను, దాని కావలను గూడ క్యాన్సరు కణము లుండును. పొర వెంబడి గడ్డను ఒలిచినచో అవి గాయములో మిగిలిపోవును. కారిన రక్తముతో చుట్టుప్రక్కలకు వ్యాపించును. అందుచే రెండవసారి మరింత విశాలముగ కోయవలసి వచ్చును. ఆ లోటును పూడ్చుటకు వేరొకచోటి చర్మమునో, కండనో తెచ్చి యతుకవలసి వచ్చుటయు గలదు.

ఒకప్పుడు ఇట్టి వ్యాధికి కాలుసేతులు తీసివేయుటయే మార్గమని తలచెడివారు. 1982 లో అమెరికాలోని జాతీయ క్యాన్సరు సంస్థకు చెందిన రోసెన్‌బర్గ్ ప్రభృతులు 43 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. 16 మందికి అవయవమును తొలగించిరి. 27 మందికి అవయవమును నిలిపి, గడ్డను తీసి, రేడియేషన్ చికిత్స చేసిరి. ఉభయుల ఆయుర్దాయములో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అదే సంవత్సరమున మాంకిన్ ప్రభృతులు ఎముకలలోను, మెత్తని భాగములలోను కణితులు గల 329 మంది వివరములను పరిశీలించిరి. ముక్కపరీక్ష సరిగా జరుగనందున 15 మందికి అనవసరముగ అవయవము తీసివేయవలసి వచ్చెనని తేలినది. తొలి కత్తిగాటు ఎంత విలువగలదో ఈ రెండు పరిశీలనలును తెలుపుచున్నవి.

కావున కొన్ని గుర్తులు జ్ఞప్తియందుంచుకొనవలెను. గడ్డ అయిదు సెంటీమీటర్లను మించుట, నానాటికి పెరుగుట, కండరపు పొరకు లోతున నుండుట, నొప్పి పుట్టుట, ఒకసారి తీసినను మరల లేచుట — వీనిలో నేది కనబడినను ముందు పరీక్ష జరుగవలెను. నొప్పి లేదని మాత్రము ధైర్యపడరాదు. ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించి, పిమ్మట లావుపాటి సూదితో చిన్న ముక్కను తీసి పరీక్షింతురు. సూది ఏ దారిని పోవలెనో తుది శస్త్రచికిత్స చేయు వైద్యుడే నిర్ణయించుట మేలు. ఏలయన ఆ దారిని గూడ తరువాత గడ్డతో పాటు తీసివేయవచ్చును. సూది తగిలిన క్యాన్సరు పాకునను భయము మన యిండ్లలో గలదు. క్రమము తప్పని సూది పరీక్షకు జంకనక్కరలేదు. భయపడవలసినది పరీక్ష లేని కోతకు. కాగితములు చదువక ఫైలుపై ఉత్తర్వు వ్రాయుట ఏ కార్యాలయమునను ఒప్పనిది కదా!

పొరపాటు జరిగిపోయినను నిరాశ తగదు. పలువురు నిపుణులు కూడి చికిత్సను నిర్ణయించు వైద్యశాలకు వెంటనే పోవలెను. 1941 లో ప్రారంభమైన బొంబాయి టాటా మెమోరియల్, 1954 లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి చొరవతో వెలసిన మద్రాసు అడయారు సంస్థ క్యాన్సరు చికిత్సకు ప్రసిద్ధములు. యోచనతో చేసిన రెండవ శస్త్రచికిత్సవలనను, అవసరమైనచో రేడియేషన్ వలనను పెక్కుమందికి అవయవము నిలుచుచున్నది. మొదటి శస్త్రచికిత్స వివరములు, ముందు తీసిన చిత్రములు, పరీక్షశాలలోని స్లైడులు, మైనపు దిమ్మలు అడిగి తీసికొనవలెను. తీసిన గడ్డ ఎంత చిన్నదైనను పరీక్షకు పంపక పారవేయనీయరాదు.

కేంద్రోద్యోగికి బదిలీలు తప్పవు. ఈ వ్యాధి తరుచుగా ఊపిరితిత్తులకు ప్రాకును గనుక చికిత్స ముగిసిన పిమ్మటను ఏండ్ల తరబడి పరీక్షలు సాగవలెను. ఊరు మారినను కాగితములు వెంట రావలెను. పరభాషా ప్రాంతమున కొత్తగా చేరిన తెలుగు కుటుంబమునకు తమ బాధను వైద్యునికి విశదపరచుటయే కష్టము. అచ్చటి భాష యెరిగిన సభ్యుడు ఒక పూట సెలవు పెట్టి వారి వెంట ఆసుపత్రికి పోయినచో, పండుగనాటి సభకంటె అది తక్కువ సేవ కాదు.

"ఇది యేమి గడ్డ? తీయుటకు ముందు తెలిసికొనుటకు పరీక్ష యేది?" అని వైద్యుని వినయముగ నడుగుట అవిశ్వాసము కాదు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపింపడు. ఆ ప్రశ్న అడిగినందున నొక వారము ఆలస్యము కావచ్చును. అడుగకపోయిన నొక కాలు పోవచ్చును.