వానకాలమునకు ముందు కారు టైర్లు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత సమావేశమున పెద్దలొకరు మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. వారి కుమారుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. చలికాలము వచ్చినదని బాగున్న నాలుగు టైర్లు విప్పించి, వేరు నాలుగు తొడిగించినాడట. అంత ఖర్చు అవసరమా, మనకును అట్టివి కావలెనా అని వారి సందేహము. అక్కడ అది అవసరమే గాక శాసనము కూడ. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు అక్కడి కార్లకు చలికాలపు టైర్లు ఉండితీరవలెను. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగినచో మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి రోడ్డును సరిగా పట్టదు. చలికాలపు టైరు మెత్తగానే యుండును. మన బెంగుళూరులో నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదియు 1884 జనవరిలో. కావున ఆ టైర్లు మనకు వలదు.

అయితే మనకు మంచు బదులు వాన యున్నది. బెంగుళూరులో సెప్టెంబరున వాన మెండు. అటుపిమ్మట చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఈశాన్య ఋతుపవనము మొదలగును. మన కుటుంబములు ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా స్వామి దర్శనమునకు పోవునదియు తరచు ఆ దినములలోనే.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. నాలుగేండ్ల క్రిందట అక్టోబరులో మేము మా తల్లిగారితోను, అక్కగారితోను తిరుపతికి బయలుదేరితిమి. ప్రయాణమునకు ముందు టైర్లు చూపించగా నాలుగును అరిగినవనిరి. మేము వర్తకులము గదా, లెక్క వేసితిమి. రెండే కొని, స్టీరింగు తిరుగునది ముందు చక్రములే యని వానిని ముందు వేయించి, బోడి టైర్లను వెనుకనే యుంచితిమి. మొగిలి ఘాటులో వాన పట్టుకొన్నది. మలుపులో బ్రేకు నొక్కగానే కారు వెనుక భాగము ప్రక్కకు జారి, బండి గిర్రున తిరిగి గట్టుకు కొట్టుకొన్నది. మా తల్లిగారికి దెబ్బ తగులలేదు. అక్కగారి కుడిచేయి విరిగినది. నేటికిని ఆమె ఆ చేత్తో జడ వేసికొనలేదు. ఒక్కమారైనను మమ్ము నిష్ఠురమాడలేదు. అదియే మాకు బాధ.

తరువాతనే మేము విషయము కనుగొంటిమి. టైరు మీది గాడులు కేవలము అందమునకు గావు. రోడ్డు మీది నీటిని ప్రక్కకు నెట్టివేయుటయే వాని పని. గాడులు అరిగిన టైరు వేగముగా పోవునపుడు నీటిని నెట్టలేక, నీటిపై తేలును. అప్పుడు బ్రేకును పనిచేయదు, స్టీరింగును పనిచేయదు. ముందు చక్రములు జారినచో బండి తిన్నగా పోవును, యాక్సిలరేటరుపై కాలు తీసినచో చాలవరకు మరల పట్టు దొరకును. వెనుక చక్రములు జారినచో బండి తిరిగిపోవును, దానిని సరిదిద్దుట మనబోంట్లకు శక్యము గాదు. కావుననే రెండే టైర్లు కొనినచో క్రొత్తవి వెనుక వేయవలెనని టైరు కంపెనీలు చెప్పుచున్నవి. బండి ముందు చక్రములతో నడచునదైనను ఇదే నియమము. దుకాణములలో అందరును ఈ మాట చెప్పరు, మనమే అడుగవలెను.

గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలుండును. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరగనే అవి టైరు పైభాగముతో సమమగును. అంతకంటె అరిగిన టైరుతో కారు నడుపుట చట్టవిరుద్ధము. వానకాలమున అంతవరకు ఆగక, 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే మార్చుట మంచిది.

టైరు ప్రక్కన నాలుగంకెలు కూడ చూడుడు. 2319 అని యున్నచో అది 2019 సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. కారు ఇంటనే నిలిపియుంచి, ‘టైర్లు క్రొత్తవే’ యను పెద్దలు మనలో పెక్కురున్నారు. తిరుగకున్నను రబ్బరు ముదురును. అయిదేండ్లు దాటినపిదప ఏటేటా చూపించవలెను, పదేండ్లు నిండినచో అరుగకున్నను తీసివేయవలెను. స్టెప్నీకిని ఇదే లెక్క.

గాలి ఉదయమున, బండి కదలక మునుపే చూపింపుడు. ఎంత పట్టవలెనో డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన చీటీలో సాధారణముగా నుండును. వాన తొలి చినుకులలో మరింత జాగ్రత్త వలయును. ఎండిన రోడ్డు మీది నూనె, దుమ్ము తడిసి జారుడుగా మారును. తిరుమల కొండ దిగునది 1944 నాటి పాత ఘాటు రోడ్డున. ఆ దారి పథకమునకు తోడ్పడినవారు మన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. దారి వారు చక్కగానే వేయించిరి. టైర్లు మాత్రము మనవి.

సభానంతరమున మా కారు బయట నిలిపియుంచెదము. దిమ్మెలు, అంకెలు ఎచట నుండునో దాని వెనుక టైరుపై చూపెదము. కార్లలో వచ్చిన వారు తమ బండ్లను కూడ ఆ ప్రక్కనే నిలుపుడు, అన్నిటిని చూతము.